వదిన వాటా మామిడికాయ

మా వదిన మామిడికాయ తినరు. గోదావరి జిల్లాలో పుట్టి, ఇక్కడే పెరిగి, ఏటా మూడిళ్లకి సరిపడా ఆవకాయ పెట్టే మనిషి ఒక్క ముక్క నోట్లో వేసుకోరు. ఉగాది పచ్చడిలో మామిడి ముక్కలు ఏరి పక్కన పెట్టేస్తారు. ఆవకాయ కలిపాక ఉప్పు చూడాల్సింది నేనే. అడిగితే "నాకు పడదు" అంటారు. చిన్నప్పుడు గోడలెక్కి మరీ తినేదనీ, కొండల్లో ఉద్యోగం చేసొచ్చాక ఒళ్లు మారిపోయిందనీ మా ఆయన చెప్పేవారు. నిజమే కాబోలనుకున్నాం. ఆటపట్టించడం మాత్రం మానలేదు.

ఆ పడకపోవడం సంగతేంటో ఈ ఏప్రిల్లో, సైకిల్ పంక్చరైన చోట తెలిసింది.

రాజమండ్రి

వదినంటే మా ఆయనకి అక్క, పేరు రత్నకుమారి. గ్రామాల్లో టీకాలు వేసే ఏఎన్ఎంగా పనిచేసి కిందటేడు రిటైరయ్యారు. ఆ నెల్లోనే గేర్ల సైకిల్ కొనుక్కుని రోజూ పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ దాకా తొక్కడం మొదలుపెట్టారు. నన్నూ లాగారు. నేను స్కూల్లో సోషల్ టీచర్ని, కూర్చుని పేపర్లు దిద్దడం తప్ప ఒళ్లు అలిసే పని పెద్దగా ఎరగను. ఆవిడకి అరవై మూడు, నాకు యాభై మూడు. ఆర్నెల్లు ఆవిడ వెనకాల రొప్పుకుంటూ తిరిగాక, పరీక్షలైపోగానే మారేడుమిల్లి వెళ్దామన్నారు.

మారేడుమిల్లికి అవతల ఒక కొండ ఊళ్లో ఆవిడ మొదటి పోస్టింగ్. అప్పుడు గంగమ్మ అనే ఆవిడ ఇంట్లో ఉండేవారట. ముప్పై నాలుగేళ్లయింది, మళ్లీ ఆ దారి తొక్కలేదు. "గంగమ్మని చూడాలి. ఒక మాట చెప్పాలి. ఉందో లేదో కూడా తెలీదు" అన్నారు. ఏం మాట అంటే చెప్పలేదు. బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటాం కదా అన్నాను.

"బస్సులో అయితే ధైర్యం కూడగట్టుకునేలోపే ఊరొచ్చేస్తుంది సుజాతా."

మా ఆయన గాలి పంపు చేతిలో పెట్టి, అక్కని జాగ్రత్తగా తీసుకురమ్మని నాకు చెప్పారు. నన్ను జాగ్రత్తగా తీసుకురమ్మని ఆవిడతో మాత్రం ఎవరూ అనలేదు.

మనవైపు ఒకరింటికి వట్టి చేతులతో వెళ్లడం తెలీదు. పూతరేకులైతే సంచిలో పొడైపోతాయి. అరటిపళ్లైతే ఎండకి మగ్గిపోతాయి. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి విరగ్గాసింది. పన్నెండు పచ్చికాయలు కోసి, పాత తువ్వాల్లో చుట్టి, నా వెనక చక్రానికి తగిలించిన బ్యాగులో అడుగున పెట్టాను. వదిన తినకపోతే గంగమ్మగారు తింటారు. చెప్తే బరువెందుకంటారని వదినకి చెప్పలేదు.

కోరుకొండ

పొద్దున్న అయిదింటికి బయల్దేరితే, కొండమీది నరసింహస్వామి గుడి కనబడేసరికి ఎండ చురుక్కుమంటోంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. కాళ్లు దారికి దాచుకుందామని కిందనించే దణ్ణం పెట్టాం. ఒకప్పుడు ఇది చిన్న రాజ్యానికి రాజధాని. పిల్లలకి చెప్పే పాఠం వదినకి మొదలుపెట్టబోయాను. ఆవిడ టిఫిన్ హోటల్ వైపు నడిచారు.

పెసరట్టుప్మా అరవై రూపాయలు. ఆ నూనెకీ, ఆ అల్లప్పచ్చడికీ ఎక్కువేం కాదు. హోటల్ నడిపే ఆవిడ పెనం దగ్గర్నుంచే మా సైకిళ్లని ఎగాదిగా చూసి, "ఏంటండీ, బస్సులు ఆపేశారా?" అన్నారు. మారేడుమిల్లి దాకా అంటే అట్లకాడ పట్టుకుని బయటికొచ్చేశారు. తన మోకాళ్ల నొప్పుల సంగతి, మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న వియ్యపురాలి సంగతి చెప్పి, సరిపోతాయో లేదోనని ఇంకో రెండట్లు అడక్కుండానే వేశారు. వద్దంటే వినలేదు. వెళ్లేటప్పుడు ఘాటు రోడ్డులో వాసన చూడమని చెరో నిమ్మకాయ ఇచ్చారు. ఆ నిమ్మకాయ ఇప్పటికీ నా బ్యాగు జేబులో ఎండిపోయి ఉంది.

గోకవరం దాటాక

గోకవరం దాకా మన నేలే. వరి కోసేసిన చేలు, పామాయిల్ తోటలు, రోడ్డు పక్కన ముంజలమ్మేవాళ్లు. డజను ముంజలు తిని మొహాలకి కూడా రాసుకున్నాం. అది దాటాక జీడిమామిడి తోటలు, ఆ తర్వాత అడవి. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. ఎక్కడో ఇప్పపువ్వు రాలుతున్నట్టుంది, తియ్యటి మత్తు వాసన. వదిన తొక్కడం ఆపి గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ వాసనకే ఆవిడ మొహం మారిపోయింది.

ఒక చిన్న ఎత్తు మీద ఆవిడ వెనక చక్రం ఉస్సుమంది. పంపు నా బ్యాగులో ఉంది. ఎక్కడుందో గుర్తులేక అన్నీ పైకి లాగాను. తువ్వాలు ముడి ఊడింది. పన్నెండు కాయలూ దొర్లుకుంటూ పల్లంలోకి పరుగు తీశాయి.

కింది నుంచి ఒకాయన కొండచీపుళ్ల కావడితో నడిచొస్తున్నాడు. కావడి దింపి, ఒక్కొక్క కాయా ఏరి, పంచెతో మట్టి తుడిచి తెచ్చిచ్చాడు. నాలుగు మీరుంచుకోండి అన్నాను. వద్దన్నాడు. మనవాళ్లలో మొదటి వద్దుకి విలువేముంది? మా పెరటి కాయలే, పీచుండదు అంటూ ఆయన కావడి బుట్టలో వేసేశాను. ఆయన విసుక్కోలేదు. నాలుగూ బయటికి తీసి కల్వర్టు గోడమీద పెట్టాడు.

"మాకింకా మామిడి కొత్త అవలేదండి" అని, కావడెత్తుకుని వెళ్లిపోయాడు.

తిరిగి చూస్తే వదిన రోడ్డు పక్క రాయిమీద కూర్చుని ఉన్నారు. ఎండకనుకుని నీళ్లిచ్చాను. తాగలేదు. కల్వర్టు మీది కాయల్నే చూస్తున్నారు. అప్పుడు చెప్పారు.

కొండమీద మామిడి కొత్త అని పండగ ఉంటుంది. చెట్టుకి కాయలు ఎంత విరగ్గాసినా, ఊరి పూజారి భూమికి పెట్టి, ఇంటింటికీ వాటా పంచేదాకా ఎవరూ ముట్టరు. బయటి కాయైనా సరే, ఇంట్లోకి రానివ్వరు. మనం ఉగాదికే తినేస్తాం కనక మనకది వింతగా ఉంటుంది. అప్పుడు వదిన ఉగాదికి ఇంటికొచ్చి, వెళ్తూ సంచిలో రెండు కాయలు వేసుకెళ్లారు. గంగమ్మ కూతురు సీతకి అయిదేళ్లు. పొంగు, అదే తట్టు, వచ్చి తగ్గింది కానీ వారమైనా మెతుకు ముట్టడం లేదు. పిల్ల సంచిలో కాయ చూసి అడిగింది. వదిన పెరటి వైపు తీసుకెళ్లి, ముక్క కోసి, ఉప్పూ కారం అద్ది పెట్టారు. ఎవరికీ చెప్పకన్నారు.

మర్నాడు టెంక దొరికింది. ఊరి పెద్దలొచ్చి వాకిట్లో నిలబడి అడిగారు. గంగమ్మ ముందుకొచ్చి, నేనే తిన్నానంది. ఆ ఏడు పండగనాడు ఆవిణ్ణి వరసలో కూర్చోనివ్వలేదు. అందరూ తింటుంటే దూరంగా, వట్టి చేతులతో నిలబడింది.

"నేనక్కడే ఉన్నాను సుజాతా. నా నోరు పెగల్లేదు. నాకు వాళ్ల పద్ధతి తెలుసు. తెలిసే, ఏమవుతుందిలే అని పెట్టాను. ఆ వారంలోనే ట్రాన్స్‌ఫర్ కాగితం వచ్చింది. ఆవిడ అడవికెళ్లిన పూట చూసి బస్సెక్కేశాను."

అప్పట్నుంచీ ఆవిడ మామిడి ముట్టలేదు. మేం ముప్పై ఏళ్లుగా నవ్వుకున్న సంగతి అది. నాకు చాలా సిగ్గేసింది. ఆవకాయ జాడీ ముందు నేను వేసిన వెటకారాలన్నీ గుర్తొచ్చాయి. పంక్చర్ అతికించడం మొదలుపెట్టాను. అదీ నాకు సరిగ్గా రాదు, మళ్లీ ఆవిడే అతికించారు.

రంప రాళ్లు

రంపచోడవరంలో లాడ్జి గది ఎనిమిది వందలు, ఫ్యాను తిరిగితే చప్పుడు, ఆపితే దోమలు. సాయంత్రం రంప ఊళ్లో పాత శివాలయం చూడ్డానికి వెళ్లాం. రాయిమీద రాయి పేర్చి కట్టిన చిన్న గుడి. రంప తిరుగుబాటు పాఠం ఏటా చెప్తాను, బోర్డుమీద రంప అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా ఇంటికి ఒక్క పూట దూరంలో ఉన్న ఈ ఊరు చూడ్డం మాత్రం ఇదే మొదటిసారి. ఆ గుళ్లో కూర్చుని, వచ్చే ఏడు పాఠం ఇంకోలా చెప్పాలనుకున్నాను.

వదిన గుడి మెట్టుమీద కూర్చుని వెనక్కి వెళ్లిపోదాం అన్నారు. గంగమ్మ పోయుంటే మాట ఎవరితో చెప్పను, ఉంటే ఏ మొహంతో చెప్పను అన్నారు. నేను బతిమాలలేదు. సరే, పొద్దున్నే దిగిపోదాం, ఈ కాయలు లాడ్జి ఆయనకిచ్చేస్తాను, ఆయనది అమలాపురం, తింటారు అన్నాను.

వదిన లేచి చీర దులుపుకుంటూ, "కాయలెవరికీ ఇవ్వకు" అన్నారు. "దాచిపెట్టడం, వదిలించుకోవడం ఒకసారి చేశాను. ఈసారి వీటితోనే వెళ్దాం. ఊరి బయట ఆపి, ఉన్నాయని చెప్పి, అప్పుడు లోపలికి అడుగు పెడదాం."

మారేడుమిల్లి

మర్నాటి ఇరవై ఏడు కిలోమీటర్లకి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాటేదాకా పట్టింది. సగం దూరం సైకిల్ మమ్మల్ని మోస్తే, సగం మేం సైకిల్ని మోశాం. పైకి వెళ్లేకొద్దీ వెదుర్లు ఒకదానిమీదొకటి వాలి దారికి నీడ పట్టాయి. వదిన ప్రతి మలుపూ గుర్తుపట్టారు. ఇక్కడ టీకాల డబ్బా జారి ఐసు పోయింది, ఇక్కడ వర్షానికి మూడు గంటలు చెట్టుకింద నిలబడ్డాను అని చెప్పుకొచ్చారు. ఆయాసం నాదే, మాటలన్నీ ఆవిడవే.

మారేడుమిల్లిలో మనవాళ్లే ఎక్కువ, కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. బొంగులో చికెన్ నాలుగు వందలు చెప్పింది అమ్మే ఆవిడ. నిప్పులమీద కాలిన వెదురు బొంగుని కత్తితో చీల్చి ఆకులో వంచింది. ఒక్క చుక్క నూనె లేకుండా అంత రుచి ఎలా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఇంకా కావాలా అని ఒకసారి అడిగింది. మొహమాటానికి వద్దన్నాను. సరే అని మూసేసింది. మన దగ్గరైతే మూడోసారి బతిమాలాక పెట్టించుకుందును. ఇక్కడ వద్దంటే వద్దనే అర్థం. కల్వర్టు దగ్గర ఆ కావడాయన మాట నేనెందుకు వినలేదో అప్పుడు తెలిసింది. ఇంకోసారి అడిగి, సిగ్గుపడకుండా ఇంకో బొంగు కొనుక్కున్నాను.

చెట్టుకి కట్టిన సంచి

మూడో రోజు పొద్దున్న మట్టిదారి. ఊరు పాతిక ఇళ్లు ఉంటుంది. మొదటి ఇంటికి ఇంకా వంద గజాలుండగా వదిన ఆగి, కాయల సంచి నేరేడు కొమ్మకి కట్టారు. రెండో ముడి నేను వేశాను. సైకిళ్లు అక్కడే వదిలి నడిచాం.

అయిదో ఇంటి అరుగుమీద ఒక పెద్దావిడ అడ్డాకులు పరుచుకుని, సన్నటి వెదురు పుల్లలతో విస్తళ్లు కుడుతోంది. తలెత్తి వదిన వైపు చూసింది. చెయ్యి ఆగలేదు. ఆ విస్తరి చివరిదాకా కుట్టి, పక్కన పెట్టి, లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నర్సమ్మా, నీళ్లు తాగు. ముసల్దానివైపోయావు."

వదిన చెంబు అందుకోలేదు. ముందు చెప్పనీ అన్నారు. ఊరి బయట చెట్టుకి మామిడికాయలున్నాయి, మా మరదలు తెలియక తెచ్చింది, లోపలికి తేలేదు అన్నారు. ఆ తర్వాత, అప్పుడు తినిపించింది నేనే, తెలిసే తినిపించాను, నువ్వు నిలబడితే నేను నోరు మూసుకుని చూశాను అన్నారు. మూడు రోజులు తొక్కి తెచ్చిన మాట అంతే. నిమిషం కూడా పట్టలేదు. చెప్పి, చిన్నపిల్లలా ఏడ్చేశారు.

గంగమ్మ మళ్లీ అరుగుమీద కూర్చుంది.

"తెలుసు కదా. పిల్ల నోరు వాసన కొట్టింది. ఆ పూటే అన్నం అడిగి తింది. అన్నం తిన్న పిల్లని చూసుకోనా, నీమీద కోపం తెచ్చుకోనా?"

"మరి నేనే తిన్నానని ఎందుకన్నావు?"

"నువ్వు పై ఊరి దానివి. నీ పేరు బయటికొస్తే తరవాత ఎవరూ సూది వేయించుకోరు. నాకైతే ఒక్క ఏడే కదా పోయింది."

ఆ మాట అన్నాక మొహం పక్కకి తిప్పుకుంది. అసలు కోపం అక్కడుంది. చెప్పకుండా వెళ్లిపోయావు అంది. అడవి నుంచి వచ్చి చూస్తే గది ఖాళీ, రోడ్డు దాకా పరుగెత్తాను, దుమ్మే కనపడింది అంది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. గంగమ్మ విడిపించుకోలేదు. నీళ్ల చెంబు మళ్లీ ముందుకు జరిపింది. ఈసారి వదిన తాగారు.

ఎల్లుండే మామిడి కొత్త, ఉండమంది. ఒక్కసారే అడిగింది. వదిన వెంటనే సరే అన్నారు.

వాటా

ఆ రెండు రోజులూ మేం విస్తళ్లు కుట్టాం. నేను కుట్టిన వాటిలో పప్పుచారు నిలవదని గంగమ్మ తేల్చి చెప్పింది. పొద్దున్నే జావ, మధ్యాహ్నం చింతచిగురు పప్పు. సీత వచ్చింది. ఆ అయిదేళ్ల పిల్లకి ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి, అంగన్‌వాడీలో పనిచేస్తోంది. పొంగు గుర్తులేదు, పెద్దలు అడగడం గుర్తులేదు, ఆ ముక్కమీది ఉప్పూ కారం మాత్రం గుర్తుందని చెప్పింది.

పండగ పొద్దున్న ఊరంతా మద్దిచెట్టు కింద చేరింది. పూజ దగ్గరికి మేం వెళ్లలేదు, పిలవని చోటికి వెళ్లకూడదని వదిన ముందే చెప్పారు. పూజ అయ్యాక పెద్దలు కాయలు కోసి, అడ్డాకుల్లో పెట్టి, ఇంటి పేరు పిలిచి మనిషికొక వాటా ఇస్తున్నారు. గంగమ్మ ఇంట్లో నలుగురు, తనూ, సీతా, అల్లుడూ, మనవరాలూ. ఆకులు అయిదు తెచ్చింది. లెక్క తప్పిందేమో అనుకున్నాను. మా ఇద్దరికోసమైతే ఆరు రావాలి.

సీత నవ్వింది. "మా ఇంటికి ఏటా అయిదేనమ్మా. ఒకటి నర్సమ్మగారిది. ఈ ఇంట్లో ఉన్న మనిషి, ఊళ్లో లేదంతే అని మా అమ్మ ఏటా అడిగి తెస్తుంది. ఇన్నేళ్లూ మీ వాటా నేనే తిన్నానండి."

ఇక్కడ ఆవిడ పేరున ఏటా ఒక వాటా తెస్తున్నారు, అక్కడ ఆవిడ ఏటా ఒక్కో ముక్కా ఏరి పక్కన పెడుతున్నారు. గంగమ్మ అయిదో ఆకు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. పచ్చి ముక్కలు, కాస్త ఉప్పు. వదిన ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నారు. పులుపుకి కళ్లు గట్టిగా మూసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. గంగమ్మ తన ఆకులోంచి రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టి, ఇంత పెద్దదానివి ఏడుస్తావేంటంది.

చెట్టుకి కట్టిన సంచిలో కాయలు కోతులు సగం తినేశాయి. మిగిలిన ఆరూ పండగయ్యాక అందరం కోసుకు తిన్నాం. మీ కాయకి పీచు లేదు కానీ పులుపూ లేదన్నారు.

ఇంటికొచ్చాక

దిగడం ఒక్క రోజులో అయిపోయింది. వస్తూ కోరుకొండలో ఆగాం. హోటలావిడ మా మోకాళ్లు నొక్కి చూసి మరీ నమ్మారు.

మే నెలలో ఎప్పటిలాగే మా ఇంట్లో ఆవకాయ పెట్టాం. వదిన కాయలు కొట్టించి, ఆవపిండి, కారం, నూనె పోసి కలిపారు. అలవాటుగా నేను చెయ్యి చాచాను, ఉప్పు చూడ్డానికి. వదిన నా చెయ్యి పక్కకి తోసి, ఒక ముక్క తనే నోట్లో వేసుకున్నారు. మా ఆయన పేపర్ దించి చూశారు.

ఆవిడ మెల్లగా నమిలి, మింగి, నావైపు తిరిగారు.

"ఉప్పు తక్కువ. ఇన్నేళ్లూ ఇలాగే తిన్నారా మీరంతా?"